ఎర్ర పుస్తకాల వెంట ఎనిమిది రోజులు

మా నాన్న విజయవాడలో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్‌లో పేర్చడం ఆయన పని. మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, పంచెల కింద, అరచేతిలో ఇమిడే ఎర్ర ప్లాస్టిక్ అట్ట పుస్తకం ఒకటి ఉండేది. మావో సూక్తుల ఇంగ్లీషు ప్రతి. ఎవరిచ్చారో నాన్న ఎన్నడూ చెప్పలేదు. 1975లో, ఎమర్జెన్సీ రోజుల్లో, మా వీధిలో ఎవరింట్లోనో సోదా జరిగిందని తెలిసిన రాత్రి అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టేసింది. కాగితాలు కాలిపోయాయి. అట్ట మాత్రం కాలలేదు, కరిగి నల్లటి ముద్దయింది. ఆ వాసన రెండు రోజులు వంటింట్లోంచి పోలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

అమ్మా నాన్నా ఇద్దరూ ఇప్పుడు లేరు. మా అక్క కూతురు బుజ్జి చైనాలో ఎంబీబీఎస్ నాలుగో ఏడాది చదువుతోంది. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడాలి కాబట్టి చైనీస్ బాగానే పట్టుబడింది. సెలవులు ఇచ్చారు మామయ్యా, ఈసారన్నా రా అంది. ఊళ్లు చూడాలని కాదుగానీ, పుస్తకాలు చూడాలని వెళ్లాను.

మొదటి రోజు, శనివారం: షాంఘై

హోటల్లో సామాను పడేసి, టీ కూడా తాగకుండా ఫుక్సింగ్ మధ్య రోడ్డుకి వెళ్లాం. ఒకప్పుడు ఇదంతా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ప్రాంతం. చైనా పోలీసుల చెయ్యి ఇక్కడ పూర్తిగా ఆడేది కాదు. అందుకే రహస్యంగా అచ్చు వేయదలచినవాళ్లు ఈ సందుల్లో చేరారు. ఎర్ర ఇటుకల ఇళ్లు, రాతి ద్వారబంధాలు, కిటికీల్లోంచి బయటికి చాచిన వెదురు గెడల మీద ఆరేసిన బట్టలు. ఈ చుట్టుపక్కలే ఒక సందులో 1920లో చిన్న ప్రెస్సు పెట్టారు. దానికి డబ్బు సర్దినవాడు రష్యా నుంచి కామింటర్న్ (ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల కూటమి) పంపిన వొయిటిన్‌స్కీ.

1920 ఆగస్టులో కమ్యూనిస్టు మేనిఫెస్టో మొట్టమొదటి పూర్తి చైనీస్ అనువాదం అచ్చయింది. వెయ్యి ప్రతులు. యాభై ఆరు పేజీల పుస్తకం, ఎర్రటి అట్ట మీద మార్క్స్ బొమ్మ. ఆ అట్ట మీదే ఘోరమైన అచ్చుతప్పు పడింది. ‘కమ్యూనిస్టు పార్టీ’ అనడానికి చైనీస్‌లో మూడు అక్షరాలు. అందులో రెండోదీ మూడోదీ తారుమారయ్యాయి. పేరులోనే తప్పు! సెప్టెంబరులో మళ్లీ వేసినప్పుడు సరిచేసి, అట్ట నీలం రంగుకి మార్చారు. ఇవాళ ఏది మొదటి ముద్రణో గుర్తుపట్టడానికి ఆ తప్పే ఆధారం.

ఈ సంగతి వినగానే నాకు నాన్న కళ్లముందు మెదిలాడు. రాత్రిపూట గుడ్డి దీపం కింద, ఎవరొస్తారోనన్న టెన్షన్‌లో కంపోజ్ చేస్తుంటే చెయ్యి తడబడుతుంది. పెద్ద సైజు అక్షరాల్లో తప్పు పడితే ప్రూఫు చూసేవాడి కంటికి కూడా ఆనదు. నాన్న అనేవాడు, చిన్న అక్షరాల్లో తప్పు దొరుకుతుందిరా, అట్ట మీది తప్పే దొరకదు అని. ఆ కంపోజిటరు పేరు ఎక్కడా లేదు. ఆ సందులో నిలబడి అతని గురించే ఆలోచించాను.

రెండో రోజు, ఆదివారం: షాంఘై

షింగ్యే రోడ్డు 76వ నంబరు ఇల్లు. 1921 జూలై 23న చైనా కమ్యూనిస్టు పార్టీ మొదటి మహాసభ ఇక్కడే మొదలైంది. చైనా ప్రతినిధులు పదముగ్గురే, దేశం మొత్తం మీద సభ్యులు యాభై పైచిలుకు. మధ్యలో ఎవరో అనుమానంగా లోపలికి తొంగిచూసి పోవడంతో, చివరి సమావేశం జియాషింగ్‌లో సరస్సు మీద పడవలో ముగించారు. ముందే ఫోన్‌లో పేరు నమోదు చేసుకుని, పాస్‌పోర్టు చూపిస్తేనే లోపలికి వదిలారు. ఆదివారం కావడంతో బడి పిల్లలు, మెడలో ఎర్ర రుమాళ్లతో వరసలు వరసలుగా వస్తున్నారు.

ఎదురుగా 2021లో తెరిచిన పెద్ద మ్యూజియం ఉంది. అందులో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక పాత మేనిఫెస్టో కథ దగ్గర. ఆ కథ చెప్పాలి.

జాంగ్ రెన్యా అని నింగ్బో ప్రాంతం కుర్రాడు, షాంఘైలో వెండి బంగారు పనివాడు. తొలి రోజుల్లోనే పార్టీలో చేరాడు. 1927లో జాతీయవాదుల నాయకుడు చాంగ్ కై షేక్ కమ్యూనిస్టుల మీద విరుచుకుపడ్డాక, ఇంట్లో ఆ పుస్తకాలు దొరికితే తల పోయే పరిస్థితి. అతను పుస్తకాలు, కాగితాలు అన్నీ మూటగట్టి ఊరికి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. తండ్రి రైతు. ఆయన ఏం చేశాడో చూడండి. కొడుకు బయట ఎక్కడో చచ్చిపోయాడని ఊళ్లో చెప్పి, కొండవాలులో కొడుక్కి సమాధి కట్టించి, ఖాళీ శవపేటికలో ఆ మూట పెట్టి పూడ్చేశాడు. బతికున్న కొడుక్కి కన్నతండ్రే సమాధి కట్టాడు. ఆ తర్వాత కొడుకు నుంచి కబురు లేదు. 1949 వచ్చింది, కొత్త ప్రభుత్వం వచ్చింది, కొడుకు మాత్రం రాలేదు. 1932లోనే, పార్టీ పని మీద పోతూ దారిలో చనిపోయాడన్న సంగతి తండ్రికి తెలియదు. ఇరవై ఏళ్లు దాటాక ముసలాయన సమాధి తవ్వించి, మూట విప్పి, పుస్తకాలు అప్పగించాడు. ఒక ముద్ర చేయించి వాటి మీద వేశాడు. ‘జాంగ్ జింగ్‌చువాన్, అనగా రెన్యా, కొండ గుహలో ఇరవై ఏళ్లకు పైగా రహస్యంగా దాచిన పుస్తకాలు’ అని దాని సారాంశం. దాచింది తానైనా, పేరు మాత్రం కొడుకుది వేశాడు.

బుజ్జి ఇదంతా చదివి చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ‘మామయ్యా, అమ్మమ్మ కాల్చేసిందన్నావు కదా, అలాంటి పుస్తకమే’ అంది. అమ్మ చేసింది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. పిల్లలున్న ఇల్లు. ఆ రైతుకి కొండ ఉంది, అమ్మకి పొయ్యే ఉంది.

మధ్యాహ్నం లీ దా ఉన్న ఇంటికి వెళ్లాం. మొదటి మహాసభలో ప్రచారం బాధ్యత ఈయనకి అప్పజెప్పారు. 1921 సెప్టెంబరులో తన ఇంట్లోనే పీపుల్స్ పబ్లిషింగ్ హౌస్ మొదలుపెట్టాడు. పుస్తకాల మీద ప్రచురణ స్థలం ‘గ్వాంగ్‌జౌ’ అని వేసేవాడు, పోలీసులు అక్కడికి పోయి వెతుక్కోవాలని. తర్వాతి ఏళ్లలో ఈ ఎత్తులు ఇంకా ముదిరాయి. పార్టీ పత్రిక ‘బోల్షెవిక్’ ఒక సంచికకి ‘ప్రేమలో పడిన కన్నెపిల్ల’ అన్న అర్థం వచ్చే అట్ట వేశారట. చేత పట్టుకుని ట్రాములో చదువుకుంటున్నా ఎవరూ పట్టించుకోరు.

ఈ మొదటి దశలో పుస్తకానికీ చదివేవాడికీ ఉన్న సంబంధం నాకు గట్టిగా అర్థమైంది. చదివేవాడే వెతుక్కుంటూ వచ్చాడు. ప్రాణం ఒడ్డి సంపాదించుకున్నాడు. నచ్చకపోతే వాదించాడు, వదిలేసి కూడా వెళ్లాడు. లీ దా పేరు మనసులో పెట్టుకోండి, పెకింగ్‌లో మళ్లీ వస్తుంది.

మూడో రోజు, సోమవారం: యీవు, ఫెన్‌ష్వేతాంగ్ గ్రామం

మ్యూజియాలకి సెలవు. రైలెక్కి యీవు వెళ్లాం. మనవాళ్లు బొమ్మలు, గాజులు, ఫ్యాన్సీ సామాను టోకున కొనడానికి వచ్చేది ఈ ఊరికే. స్టేషను బయటే ఇద్దరు మార్వాడీ వ్యాపారులు కనిపించారు. ఊరికి దూరంగా కొండల మధ్య ఫెన్‌ష్వేతాంగ్. మేనిఫెస్టోని చైనీస్‌లోకి తెచ్చిన చెన్ వాంగ్‌దావ్ పుట్టిన పల్లె.

1920 వసంతంలో ఆయన ఇక్కడే, ఇంటి పక్క కట్టెల కొట్టంలో, రెండు బెంచీల మీద పలక పరుచుకుని అనువాదం చేశాడు. ముందు జపనీస్ ప్రతి, పక్కన ఇంగ్లీషు ప్రతి. జపాన్‌లో చదువుకున్నవాడు కాబట్టి రెండూ తెలుసు. అసలు ‘కమ్యూనిజం’ అన్న మాటకి చైనీయులు వాడే అక్షరాలే జపాన్‌లో కూర్చినవి. కొత్త మాటలు పుట్టించుకుంటూ, సరిపోల్చుకుంటూ చేసిన పని అది.

ఊరంతా చెప్పే కథ ఒకటుంది. తల్లి జోంగ్‌జి తెచ్చిపెట్టింది. మన కోనసీమ పొట్టిక్కల్లా ఆకులో కట్టి ఉడికించే జిగురు బియ్యపు ముద్ద అది. పక్కన బెల్లం పాకం గిన్నె. కాసేపటికి బయటి నుంచే అడిగింది, పాకం చాలిందా నాయనా అని. చాలా తియ్యగా ఉందమ్మా అన్నాడు లోపల్నుంచి. వచ్చి చూస్తే కొడుకు మూతి నిండా సిరా. చూసుకోకుండా సిరాలో ముంచుకు తిన్నాడు! ‘సత్యం రుచి తియ్యన’ అన్న నినాదం ఈ కథ మీదే నిలిచింది. షీ జిన్‌పింగ్ కూడా చాలాసార్లు చెప్పిన కథ. ఊళ్లో ఆ పేరుతోనే జోంగ్‌జి అమ్ముతున్నారు. మేమూ తిన్నాం, బాగుంది.

కానీ నాకు సిరా కథ కంటే ఆయన తర్వాతి జీవితం ముఖ్యం అనిపించింది. పార్టీ పెట్టినవాళ్లలో ఒకడై ఉండి కూడా, పార్టీ తొలి నాయకుడు చెన్ దుషియూతో పడక కొద్ది ఏళ్లలోనే పార్టీ నుంచి తప్పుకున్నాడు. 1932లో అలంకారశాస్త్రం మీద గ్రంథం రాశాడు. 1952లో ఫూదాన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడయ్యాడు. మళ్లీ పార్టీలో చేరింది 1957లో. అంటే మేనిఫెస్టో అనువాదకుడు మూడు దశాబ్దాలకు పైగా పార్టీ బయటే ఉన్నాడు. పుస్తకాన్ని నమ్మడం వేరు, పార్టీలో ఇమడడం వేరు అని ఆయన బతుకు చెప్తోంది. కట్టెల కొట్టం గుమ్మంలో కూర్చుని బుజ్జికి ఈ మాటే చెప్పాను. ‘మరి ఆ రోజుల్లో అలా ఉండనిచ్చారా?’ అని అడిగింది. ఆ రోజుల్లో ఉండనిచ్చారమ్మా అన్నాను.

నాలుగో రోజు, మంగళవారం: రైల్లో, షియాన్ దాకా

రోజంతా రైలే. కిటికీలోంచి వరి పొలాలు పోయి గోధుమ పొలాలు వచ్చాయి.

పడమటి వైపు వెళ్తున్నాం కాబట్టి ఎడ్గార్ స్నో గుర్తొచ్చాడు. అమెరికా విలేకరి. 1936లో చాంగ్ సైన్యాల దిగ్బంధం దాటి, అప్పటి కమ్యూనిస్టుల స్థావరం బావో-ఆన్ వెళ్లి మావోతో రోజుల తరబడి మాట్లాడాడు. 1937లో లండన్‌లో వచ్చిన ఆయన పుస్తకం ‘చైనాపై ఎర్ర తార’ని హూ యూజి, ఇంకొందరు షాంఘైలో పంచుకుని తర్జుమా చేసి 1938 మొదట్లో అచ్చు వేశారు. ‘ఎర్ర తార’ అన్న పేరు పెడితే పట్టుబడుతుంది. అందుకని ‘పడమటి ప్రయాణపు ముచ్చట్లు’ అన్న అర్థంలో పేరు పెట్టారు. యాత్రా కథనం అనుకుని అమ్మారు, యాత్రా కథనం అనుకుని కొన్నారు. అది చదివి ఎందరో కాలేజీ పిల్లలు ఇల్లు వదిలి, కమ్యూనిస్టుల కొత్త కేంద్రమైన యెనాన్ దారి పట్టారు. పార్టీ సొంతంగా రాసుకున్న ఏ పుస్తకమూ అప్పటికి అంత పని చేయలేదు. బయటివాడు రాయడమే దాని బలం.

మావో తన మనసు మార్చిన మూడు పుస్తకాల పేర్లు చెప్పింది కూడా స్నోకే. అందులో మొదటిది నిన్న మేం చూసి వచ్చిన కట్టెల కొట్టంలో తయారైన మేనిఫెస్టో.

అయిదో రోజు, బుధవారం: యెనాన్

పసుపు మట్టి కొండలు. కొండ కోసి చేసిన గుహ ఇళ్లు. మధ్యలో యెన్ నది, నీళ్లు పెద్దగా లేవు. ఒడ్డున కొండ మీద గోపురం. చైనాలో ఈ బొమ్మ తెలియనివాడు ఉండడు, నోట్ల మీద కూడా వచ్చింది.

నది అవతల చింగ్‌లియాంగ్ కొండ ఎక్కాం. ఈ ప్రయాణంలో నా కాళ్లు కదలనన్న చోటు ఇదే. పదివేల బుద్ధుల గుహ అంటారు. సాంగ్ రాజుల కాలంలో రాతిలో చెక్కిన గుహ. గోడల నిండా బొటనవేలంత, అరచెయ్యంత బుద్ధ విగ్రహాలు. 1938 నవంబరులో జపాన్ విమానాలు యెనాన్ మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. పార్టీ ముద్రణాలయం ఈ గుహలో నడిచింది. పైన ఎంత బాంబు పడ్డా మిషను ఆగదు. బుద్ధుల మధ్య యంత్రం, కేసుల్లో సీసపు అక్షరాలు.

గుహలో చెవి పెట్టి చూశాను. ఒక మనిషి దగ్గితేనే నాలుగు మూలలా మోగుతోంది. ఇక్కడ మిషను ఆడుతుంటే ఎలా ఉండేదో! నాన్న పనిచేసిన ప్రెస్సులో ట్రెడిల్ చప్పుడుకే ఆయన కుడి చెవి మందగించింది. చైనీస్ కంపోజింగ్ ఇంకా కష్టం. మనకి గుణింతాలు, ఒత్తులు కలిపి కొన్ని వందల గళ్లు. వాళ్లకి వేల అక్షరాలు. కంపోజిటరు కేసు ముందు నిలబడడు, కేసుల మధ్య నడుస్తాడు.

కొండ మీది మ్యూజియంలో ఆనాటి పుస్తకాలున్నాయి. దిగ్బంధంలో బయటి నుంచి కాగితం రావడం ఆగిపోతే, కొండల్లో పిచ్చిగా పెరిగే మాలాన్ గడ్డిని ఉడకబెట్టి, దంచి కాగితం చేశారు. గాజు వెనుక ఉన్నా దాని గరుకు కంటికే తెలుస్తోంది. మట్టి రంగు కాగితం, మధ్యమధ్య గడ్డి పీచు. పీచు మీద పడ్డ చోట అక్షరం సగమే అంటుకుంది, పక్కన సిరా ఊరింది. ఒక గీత తెగిన అక్షరాన్ని ముందూ వెనకా చూసి ఊహించుకుని చదవాలి. అంత అవస్థపడి చదివారు.

1937 ఏప్రిల్ 24న షిన్‌హువా పుస్తకాల దుకాణం పుట్టింది కూడా ఈ కొండ మీదే. ఇవాళ చైనాలో ఏ ఊరికి వెళ్లినా ఆ బోర్డు కనిపిస్తుంది. బోర్డు మీది అక్షరాలు మావో చేతిరాత.

ఇక్కడి నుంచి మన ఊళ్లకి ఒక దారి ఉంది. 1940 జనవరిలో మావో ‘నూతన ప్రజాస్వామ్యం’ ప్రసంగం ఇక్కడే చేశాడు. అది చిన్న పుస్తకమై తిరిగింది. తెలంగాణలో రైతులు తుపాకులు పట్టిన రోజుల్లో, 1948లో, ఆంధ్ర కమ్యూనిస్టులు తమ కేంద్ర నాయకత్వానికి ఒక పత్రం పంపారు. ఆంధ్ర థీసిస్ అని పిలిచేది దాన్నే. మన దారి రష్యా దారి కాదు, చైనా దారి అంటూ అందులో చూపించిన ఆధారం ఆ చిన్న పుస్తకం. అప్పటికి చైనాలో మావో గెలవనైనా లేదు. మరుసటి ఏడాది మన పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే మావోని తీసిపారేస్తూ రాశాడు. ఈ గడ్డి కాగితాల కొండ మీద పుట్టిన మాట నల్గొండ, వరంగల్ పల్లెల మీద వాదమై నిలిచిందంటే, ఆ గుహ ముందు నిలబడ్డ నాకు ఒళ్లు జలదరించింది.

ఆరో రోజు, గురువారం: యెనాన్

పొద్దున యాంగ్‌జియాలింగ్. 1942 మేలో సాహిత్య కళల గోష్ఠి జరిగిన చోటు. రచయిత ఎవరి కోసం రాయాలో మావో ఇక్కడ చెప్పాడు. అది మరుసటి ఏడాది అక్టోబరులో లిబరేషన్ డైలీలో అచ్చయింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు రచయితలకి కొలబద్ద అయింది.

నిన్నటి సంతోషం ఇవాళ లేదు. ఎందుకంటే చదువు మారిపోయింది ఇక్కడే. 1942లో దిద్దుబాటు ఉద్యమం పెట్టారు. ఇరవై రెండు పత్రాలు నిర్ణయించి, పార్టీలో అందరూ అవే చదవాలన్నారు. చదివితే చాలదు. గుంపుగా కూర్చుని చర్చించాలి, నోట్సు రాయాలి, ఆ వెలుగులో తన తప్పులు తానే రాసి ఒప్పుకోవాలి. రాసింది పైవాళ్లు చూస్తారు. వెతుక్కుని చదివే పుస్తకం పోయి, చదివినట్టు రుజువు చూపించాల్సిన పుస్తకం వచ్చింది.

వాంగ్ షివే గురించి చెప్పకుండా ఈ ఊరు దాటలేను. ఆయన కూడా అనువాదకుడే. పార్టీ కోసం మార్క్స్, లెనిన్ రచనల పేజీలు లక్షల మాటల్లో తర్జుమా చేశాడు. 1942 మార్చిలో లిబరేషన్ డైలీలో ‘అడవి లిల్లీలు’ అని వ్యాసం రాశాడు. యెనాన్‌లో బట్టలు మూడు రకాలు, తిండి అయిదు తరగతులు ఉన్నాయి, ఇది న్యాయమేనా అని అడిగాడు. అంతే. స్టాలిన్ వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ మనిషని ముద్ర వేసి పట్టుకున్నారు. 1947లో, యెనాన్ ఖాళీ చేసి వెళ్తున్నప్పటి గందరగోళంలో, చంపేశారు. ఆ ముద్ర తప్పని 1991లో తేల్చారు. నలభై నాలుగేళ్లు.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని నూడుల్స్ తింటుంటే బుజ్జి అడిగింది, ఆయన వ్యాసం అచ్చు వేసింది ఆ గుహలోనేనా మామయ్యా అని. ఆ పత్రిక ఆ కొండ మీదే నడిచేది. అంతకు మించి చెప్పలేకపోయాను.

రాత్రి పెకింగ్ రైలు. బుజ్జి బీజింగ్ అంటుంది. నాన్న నోట విన్నది పెకింగే కాబట్టి నాకు అదే వస్తుంది.

ఏడో రోజు, శుక్రవారం: పెకింగ్

1918లో కట్టిన పెకింగ్ విశ్వవిద్యాలయం ఎర్ర భవనం. పార్టీ పెట్టినవాళ్లలో ఒకడైన లైబ్రేరియన్ లీ దాజావ్ కూర్చున్న గది, వార్తాపత్రికల గది. 1918లో మావో ఇక్కడ సహాయకుడు. జీతం నెలకి ఎనిమిది డాలర్లు, అంటే చైనా వెండి యువాన్లు. పత్రికలు చదవడానికి వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవడం పని. పెద్దవాళ్లతో మాట కలపబోతే ఎవరూ పట్టించుకోలేదని స్నోతో చెప్పుకున్నాడు. లీ దాజావ్‌ని 1927 ఏప్రిల్‌లో, అప్పుడు పెకింగ్‌ని ఏలుతున్న సేనాని జాంగ్ జోలిన్ మనుషులు ఉరితీశారు.

అక్కడి నుంచి లావ్ షె ఇల్లు. రిక్షావాడి కథ రాసిన మహా రచయిత. చిన్న పెంకుటిల్లు, నడవలో ఆయనా భార్యా నాటిన పెర్సిమన్ చెట్లు. బల్ల మీద కళ్లద్దాలు, కలం.

1966 ఆగస్టు 18న తియానన్‌మెన్‌లో మావో లక్షలాది రెడ్ గార్డులకి, అంటే తన సాంస్కృతిక విప్లవపు విద్యార్థి దండుకి, దర్శనమిచ్చాడు. అందరి చేతుల్లో ఎర్ర పుస్తకం. అయిదు రోజుల తర్వాత, 23న, కన్ఫ్యూషియస్ గుడి ఆవరణలో నాటకాల దుస్తులు గుట్టపోసి తగలబెట్టి, ఆ మంట చుట్టూ లావ్ షెనీ ఇంకొందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొట్టారు. ఆయన వయసు 67. మర్నాడు ఇంట్లోంచి వెళ్లి తాయ్‌పింగ్ చెరువు ఒడ్డున రోజంతా కూర్చున్నాడు. తర్వాత శవం నీళ్లలో దొరికింది.

అదే రోజు, 1966 ఆగస్టు 24న, వూహాన్‌లో ఇంకొకరు చనిపోయారు. షాంఘైలో తన ఇంట్లో పార్టీ మొదటి ప్రచురణ సంస్థ నడిపిన లీ దా. వూహాన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడిగా ఉన్న ఆ 75 ఏళ్ల మనిషిని నెలల తరబడి సభల్లో నిలబెట్టి తిట్టారు. దొంగ చిరునామా వేసి పుస్తకాలు అచ్చు వేసినవాడు పుస్తకం చేతబట్టిన పిల్లల మధ్య నలిగిపోయాడు. రెండో రోజు నేను పేరు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఈ రెండు చావులూ ఒకే తేదీన పడ్డాయని తెలిసిన నాటి నుంచీ నాకు ఆ పెర్సిమన్ చెట్లు చూడాలని ఉంది. చూశాను. కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

లియూ షావ్‌ఛీ పుస్తకం సంగతీ ఇంతే. ‘మంచి కమ్యూనిస్టు కావడం ఎలా’ అని ఆయన 1939లో యెనాన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు. 1962లో మళ్లీ వేసి పార్టీవాళ్లందరి చేతా చదివించారు. 1967లో అదే పుస్తకం విషమన్నారు. నిన్నటిదాకా బట్టీ పట్టినవాళ్లు ఇవాళ తిడుతూ వ్యాసాలు రాయాలి. దేశాధ్యక్షుడిగా ఉన్న మనిషి 1969లో కైఫెంగ్‌లో బందీగా, మందూ మాకూ సరిగా లేక పోయాడు. 1980లో పుస్తకం తిరిగి వచ్చింది.

ఇంత కరువులోనూ జనం చదివారు, అదే నాకు ఊపిరి పోసింది. పై అధికారులు మాత్రమే చదివి ఖండించడానికని అంతర్గతంగా వేసిన బూడిద రంగు, పసుపు రంగు అట్టల పుస్తకాలు ఉండేవి. అందులో ట్రాట్‌స్కీ ఉన్నాడు, అమెరికా కుర్రకారు నవలలున్నాయి. అవి చేతులు మారి, పల్లెలకి పంపేసిన పిల్లల దాకా చేరాయి. జాంగ్ యాంగ్ రాసిన ‘రెండో కరచాలనం’ నవలైతే చేతిరాత ప్రతుల్లోనే దేశం చుట్టింది. కార్బన్ కాగితాలు పెట్టి, రాత్రంతా మేలుకుని రాసుకునేవాళ్లు. అది రాసినందుకు 1975లో జైలుకి పోయిన జాంగ్ యాంగ్‌ని 1979లో వదిలారు. అదే ఏడు నవల అచ్చయింది.

సాయంత్రం వాంగ్‌ఫుజింగ్ వీధిలో పెద్ద పుస్తకాల దుకాణానికి వెళ్లాం. గుమ్మం ఎదుటి బల్ల మీద షీ జిన్‌పింగ్ పాలన గురించిన సంపుటాలు, రకరకాల భాషల్లో. జనం పక్కనుంచి పై అంతస్తులకి పోతున్నారు. పైన పిల్లల పుస్తకాల దగ్గర నేల మీద చోటు లేదు, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని చదువుకుంటున్నారు.

ఎనిమిదో రోజు, శనివారం: పాన్‌జియాయువాన్

శని ఆదివారాల్లో ఇక్కడ పాత సామాను సంత పెద్దది. తెల్లవారకముందే మొదలవుతుంది. పింగాణీ, పూసలు, మావో బ్యాడ్జీలు, బొమ్మల కథల చిన్న పుస్తకాలు. పాత పుస్తకాల వరసలో నేల మీద గుడ్డ పరిచి ఎర్ర పుస్తకాలు గుట్టలు పోశారు. చాలావరకు కొత్తగా వేసినవే. ప్లాస్టిక్ మరీ మెరుస్తోంది.

ఈ పుస్తకం ఎలా పుట్టిందో చెప్తాను. రక్షణ మంత్రి లిన్ బియావ్ మాట మీద 1961 నుంచి సైన్యం పత్రిక మొదటి పేజీలో రోజూ మావో మాట ఒకటి వేసేవాళ్లు. అవన్నీ ఏరి 1964 మేలో సైనికుల కోసం పుస్తకం చేశారు. యూనిఫాం జేబులో పట్టాలి, తడవకూడదు. అందుకే ఆ కొలత, ఆ ప్లాస్టిక్ అట్ట. తర్వాత 33 అధ్యాయాలు, 427 సూక్తులుగా స్థిరపడింది. మొదట్లో ఒక ఆకు మీద లిన్ బియావ్ చేతిరాత: ఛైర్మన్ మావో పుస్తకాలు చదవండి, ఆయన మాట వినండి, ఆయన చెప్పినట్టు చేయండి. ‘వినండి’ అన్న అక్షరంలో ఒక చుక్క ఎక్కువ పడింది. మొదటి ముద్రణల్లో ఆ తప్పు అలాగే అచ్చయింది. 1966 డిసెంబరు ముందుమాటలో ముఖ్యమైన వాక్యాలు కంఠతా పట్టమని రాశాడు. కొన్నేళ్లలోనే వంద కోట్లకు పైగా ప్రతులు వేశారు. పొద్దున్నే మావో బొమ్మ ముందు నిలబడి పుస్తకం ఎత్తి ఆ రోజుకి ఆజ్ఞ అడగడం, రాత్రి చేసిన పని అప్పజెప్పడం. ఒక వాక్యానికి ముందూ వెనకా ఏముందో పుస్తకంలో లేదు. అసలు వ్యాసాల్లోంచి కోసి తెచ్చిన ముక్కలు. అందుకే రెండు ముఠాలు ఒకే పుస్తకం ఎత్తి, ఒకే మావో మాటతో ఒకరినొకరు కొట్టుకోగలిగాయి.

1971 సెప్టెంబరు 13న లిన్ బియావ్ విమానం మంగోలియాలో కూలింది. మావో వారసుడనుకున్నవాడు ద్రోహి అయ్యాడు. 1979 ఫిబ్రవరిలో పుస్తకమే ఆపేశారు.

వరస చివర డెబ్బై దాటిన ఒక ముసలాయన దగ్గర పాతవి నాలుగైదు దొరికాయి. ఒకటి తీసుకున్నాను. అట్ట అంచులు గట్టిపడి పగిలాయి, రంగు దానిమ్మ గింజ లోపలి రంగుకి దిగింది. సన్నటి కాగితం, కుట్టు ఇంకా గట్టిగానే ఉంది. విప్పితే మావో బొమ్మ ఉంది. దాని తర్వాత ఆకు లేదు. కుట్టు దగ్గర వేలెడు పొడుగున చింపిన అంచు మిగిలింది. వేలితో తడిమాను. బ్లేడుతో కోసింది కాదు, చేత్తో లాగింది. కింద కొంచెం ఎక్కువ మిగిలింది. ముందుమాట ఆకులదీ అదే గతి.

‘తాతా, ఇది ఎవరు చింపారు?’ అని బుజ్జి చైనీస్‌లో అడిగింది.

ఆయన మొహం ఎత్తి చూశాడు. ‘అందరం చింపాం. మా క్లాసులో ఒకే రోజు, టీచరమ్మ చెప్తే, అందరం. చప్పుడు బాగా వచ్చింది’ అన్నాడు. ఇంకేమన్నా చెప్తాడేమోనని ఆగాం. ఆయన పక్కనున్న ఇంకో ప్రతి తీసి చూపించాడు. అందులో ఆకు అలాగే ఉంది. అది చింపనిది కాబట్టి ధర నాలుగు రెట్లట. చింపకుండా దాచినవాళ్లు తక్కువ కదా అన్నాడు.

బుజ్జి ఆ రెండోదే తీసుకుందాం మామయ్యా అంది, అరుదైనది కదా అని. నేను చింపినదే తీసుకున్నాను. ముసలాయన దాన్ని పాత వార్తాపత్రికలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. హోటల్‌కి వచ్చాక విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలని ప్లాస్టిక్‌కి పెద్ద వాసనేం లేదు.